ఎర్ర లైటు వెలిగితే మోడెం పోయినట్టు కాదు: నెట్ రిపేరు ఖర్చు ఎవరిది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో అద్దె ఇల్లు, విశాఖ కంపెనీకి ఇంటి నుంచే పని. గాలివాన వచ్చి వెళ్ళాక ఆరు రోజులుగా నెట్ లేదు. మోడెం మీద ఎర్ర లైటు కొట్టుకుంటోంది. ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడు వచ్చి "వైరూ పోయింది, మోడెమూ పోయింది, రెండున్నర వేలవుతుంది" అన్నాడు. ఇంటి ఓనరు గారు "నెట్ మీది, నాకేం సంబంధం" అన్నారు. ఇప్పుడు ఎవరు కట్టాలి?

ముందు జవాబు చెప్పేస్తానమ్మా. స్తంభం నుంచి మీ గోడ దాకా వచ్చే వైరు గాలికి తెగితే దాని ఖర్చు మీది కాదు, ఓనరుదీ కాదు. అది కంపెనీ లైను, బాగుచేసే బాధ్యత వాళ్ళదే. మోడెం సంగతి మాత్రం అది ఎవరి సొత్తు అన్నదాన్ని బట్టి ఉంటుంది, కింద చెప్తాను. కానీ అంతకన్నా ముందు, మీ మోడెం అసలు పోయిందని నేను అనుకోవట్లేదు. ఆ రెండున్నర వేలు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి.

నేను గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి వైపు మొదట కేబుల్ టీవీ లైన్లు లాగాను, తర్వాత ఫైబర్ (కాంతిని మోసే గాజు తీగ) వచ్చాక స్ప్లైసింగ్, అంటే తెగిన ఫైబర్‌ని అతికే పనిలో స్థిరపడ్డాను. రిపేరు డబ్బుల దగ్గర జరిగే గొడవల్లో చాలావాటికి కారణం ఒకటే: తప్పు ఎక్కడుందో తేలకముందే బేరం మొదలవుతుంది. ఎక్కడ పోయిందో తేలితే ఎవరు కట్టాలో దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

ఆ ఎర్ర లైటు పేరు ఎల్‌ఓఎస్. ఫైబర్‌లో కాంతి రావట్లేదని మోడెం చెప్పే మాట అది. చెప్పగలుగుతోందంటే దానికి కరెంటు అందుతోంది, లోపల బోర్డు పనిచేస్తోంది. పూర్తిగా చచ్చిపోయిన మోడెంలో ఏ లైటూ వెలగదు. లోపల కాంతిని అందుకునే భాగం ఒక్కటే కాలిపోయి, మిగతాదంతా బాగుండటం కూడా జరుగుతుంది గానీ అరుదు. గాలివాన తర్వాత, అదీ వైరు తెగిందని అతనే చెబుతున్నప్పుడు, ఎర్ర లైటుకు ఆ వైరు ఒక్కటే సరిపోయే కారణం. వైరు కలపకుండా మోడెం పోయిందో లేదో చెప్పడం ఎవరివల్లా కాదు.

తేల్చడానికి అయిదు నిమిషాల పని. ఆ కుర్రాడి సంచిలో పవర్ మీటర్, అంటే ఫైబర్‌లో కాంతి ఎంత వస్తోందో కొలిచేది, ఉంటుంది. మోడెం నుంచి ఆకుపచ్చ కనెక్టర్ పీకి మీటర్‌కి పెట్టమనండి. మీటర్ 1490 నానోమీటర్ల మీద ఉండాలి, ఆఫీసు నుంచి మీ ఇంటి వైపు కాంతి వచ్చేది ఆ తరంగదైర్ఘ్యం మీదే. రీడింగ్ మైనస్‌లో వస్తుంది, కాంతి బలాన్ని, నష్టాన్ని కొలిచే డీబీ లెక్కలో. ఆఫీసు దగ్గర బయల్దేరిన కాంతి దారిలో స్ప్లిటర్ల (ఒక లైను కాంతిని చాలా ఇళ్ళకి పంచేవి) దగ్గర పంచుకుంటూ వస్తుంది. ఒకటిని ఎనిమిది చేసే స్ప్లిటర్ ఒక్కటే పది డీబీ పైన తింటుంది, అలాంటివి రెండు ఉంటే ఇరవై దాటుతుంది. అందుకే మన ఇళ్ళలో మైనస్ 18 నుంచి మైనస్ 23 మధ్య కనిపించడం మామూలు. మైనస్ 25 దాటితే అనుమానించాలి. మైనస్ 27 దాటితే మామూలు మోడెం కాంతిని పట్టుకోలేదు. ఈ లెక్కలో 3 తగ్గడమంటే కాంతి సగానికి పడిపోవడం, కాబట్టి 20కీ 26కీ తేడా చిన్నది కాదు.

మీటర్‌లో ఏమీ రాకపోతే లేదా మైనస్ 40, 50 అంటే తప్పు మోడెంకి ముందే ఉంది, బయటి వైరులోనో జాయింట్ బాక్సులోనో. అది వాళ్ళ ఖర్చు. మైనస్ 20 లాంటి మంచి రీడింగ్ వచ్చి కూడా మోడెం ఎర్ర లైటే చూపిస్తే అప్పుడు మోడెం మీద అనుమానం న్యాయమే. మీటర్ తెర కనిపించేలా ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత ఎవరితో మాట్లాడినా ఆ ఫోటో బలం.

ఇక ఎవరి ఖర్చు ఎంతవరకు అన్నది. కంపెనీల షరతులు కొంచెం కొంచెం తేడాగా ఉంటాయి, మీరు సంతకం పెట్టిన ఫారంలో వేరేగా ఉంటే అది చూసుకోవాలి. మన వైపు నడిచే పద్ధతి మాత్రం ఇలా ఉంటుంది.

ఆఫీసు నుంచి వీధి దాకా, వీధి స్తంభం మీది డబ్బా నుంచి మీ ఇంట్లో మోడెం కనెక్టర్ దాకా లైను కంపెనీది. గాలికి తెగినా, గడ్డి లారీ తగిలించుకుని పోయినా, కోతులు ఊగి తెంపినా, రోడ్డు వెడల్పు పనిలో పొక్లెయిన్ లాగేసినా మీకు సంబంధం లేదు. కోతల కాలంలో కాశీనగర్ రోడ్డులో గడ్డి ట్రాక్టర్లకి తెగే వైర్లే ఎక్కువ. ఎత్తు సరిపోకుండా కట్టడం కట్టినవాళ్ళ లోపం, దాని కింద ఇల్లున్నవాళ్ళది కాదు.

మోడెం తర్వాత మీరు కొనుక్కున్న వైఫై రౌటర్, ఇంట్లో పరిచిన ల్యాన్ వైరు (మోడెం నుంచి కంప్యూటర్‌కో రౌటర్‌కో వెళ్ళే రాగి వైరు), ఇన్వర్టర్ మీవి.

మధ్యలో తగవు వచ్చేది ఒక్క చోటే: గోడ లోపలికి వచ్చాక మోడెం దాకా ఉన్న ఆ కొద్ది మీటర్ల ఫైబర్. అది దానంతట పాడైతే వాళ్ళది. మనం మోడెం వేరే గదికి మార్చమన్నా, రంగులేసేవాళ్ళు తెంపినా, ఎలక కొరికినా ఛార్జీ అడుగుతారు, అడగడం సమంజసమే. అలాంటప్పుడు కొత్త వైరు మొత్తం లాగక్కర్లేదు, తెగిన చోట స్ప్లైస్ చేస్తే చాలు. మెషిన్‌తో వేసిన మంచి స్ప్లైస్‌లో పోయేది 0.1 డీబీ లోపే. చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టర్ పెట్టి వెళ్ళిపోతే ఆ పూటకి పనిచేస్తుంది గానీ ఎండకీ తేమకీ వదులై, వానాకాలం మధ్యలో మళ్ళీ మొదటికొస్తుంది. స్ప్లైసింగే కావాలని అడగండి.

మోడెం ఎవరిదో మీ మొదటి బిల్లులో ఉంటుంది. 'డిపాజిట్' అని తీసుకున్నా, నెలనెలా 'అద్దె' వేస్తున్నా మోడెం కంపెనీది. దానంతట అది పాడైతే వాళ్ళే మార్చాలి. మీరు కింద పడేస్తేనో నీళ్ళు పోస్తేనో తప్ప డబ్బు అడగకూడదు. 'అమ్మకం' అని ఉంటే అది మీది, అప్పుడు వారంటీ కాలం ఎంతో చూడాలి. 'ఉచితం' అని ఉంటే చాలామంది అది తమదే అనుకుంటారు. ఎక్కువసార్లు అది కనెక్షన్ ఉన్నంతకాలం వాడుకోమని ఇచ్చినదే, వదులుకున్న రోజు వాపసు అడుగుతారు. మోడెం పట్టుకుపోతామని ఎవరన్నా వస్తే వెనక స్టిక్కర్ మీది సీరియల్ నంబర్ ఫోటో తీసుకుని, పట్టుకెళ్తున్నట్టు చీటీ రాయించుకున్నాకే ఇవ్వండి.

బజార్లో చవగ్గా దొరుకుతుందని సొంతంగా మోడెం కొనేయకండి. దాని సీరియల్ నంబర్‌ని ఆఫీసులో యంత్రానికి ఎక్కిస్తేనే అది లైన్లోకి వస్తుంది. కొన్ని కంపెనీల యంత్రాలు వేరే బ్రాండు మోడెంని ఒప్పుకోవు. ఏ మోడల్ పడుతుందో ఆఫీసులో కనుక్కున్నాకే డబ్బు పెట్టాలి.

పిడుగు గురించి మీరు అడగలేదు గానీ వేసవి చివర్లో మన దగ్గర మోడెంలు నిజంగా పోయేది దానివల్లే. ఫైబర్ గాజు, అందులో కరెంటు పారదు. అయినా మోడెం కాలుతుంది. కారణం రెండు: ఒకటి అడాప్టర్ దారిన ఇంటి కరెంటులోంచి వచ్చే దెబ్బ, రెండు డాబా మీదుగా పక్కింటికో పై వాటాకో లాగిన ల్యాన్ వైరు. రాగి వైరు బయట పరిస్తే పిడుగు పడ్డ రోజు రెండు చివర్లా పెట్టెలు పోతాయి. ఉరుములు మొదలైతే అడాప్టర్ ప్లగ్గు పీకేయండి, స్విచ్ కట్టడం చాలదు. ల్యాన్ వైరూ తీసేయండి. పిడుగుకి పోయిన అద్దె మోడెంకి కంపెనీ కట్టాలా, మీరు కట్టాలా అన్నది ఫారంలో ఏం రాసుందో దాన్ని బట్టి పోతుంది. సగం సగం కట్టుకుని సర్దుకున్నవాళ్ళని చూశాను, రెండు పక్షాలకీ అది న్యాయంగానే అనిపిస్తుంది నాకు.

మోడెంలో ఏ లైటూ లేదంటే ముందు అడాప్టర్‌ని అనుమానించండి. గుణుపురంలో ఒక మాస్టారి ఇంట్లో మోడెం పోయిందని ఎవరో తేల్చేశారు, కొత్త దానికి బేరమూ కుదిరిపోయింది. నేను అడాప్టర్ పిన్ను దగ్గర వోల్టేజి చూస్తే 12 రావాల్సిన చోట నాలుగున్నర వస్తోంది. వేరే అడాప్టర్ పెట్టగానే లైట్లన్నీ వరసగా వెలిగాయి, పాన్ లైటు (ఆఫీసు యంత్రంతో లైను కలిసిందని చూపేది) కాసేపు కొట్టుకుని ఆకుపచ్చగా నిలబడింది. లో వోల్టేజీ, ఇన్వర్టర్ మార్పిళ్ళు ఎక్కువున్న మన ఊళ్ళలో మోడెం కన్నా ముందు అడాప్టరే పోతుంది. మార్చేటప్పుడు వోల్టు అదే ఉండాలి, ఆంపియర్ అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ పనికిరాదు.

ఇంకో ఇంట్లో పగలంతా బాగుండి, రాత్రి మంచాలు వేశాక నెట్ పోయేది. కొత్త లైను వేయాలన్నారు. చూస్తే బీరువా కాలికీ గోడకీ మధ్య పసుపు ప్యాచ్ కార్డు (మోడెంకి తగిలించే పొట్టి ఫైబర్ వైరు) నలిగి ఉంది, మంచం బీరువాకి ఆనించినప్పుడల్లా ఇంకాస్త బిగుస్తోంది. రీడింగ్ మైనస్ 28. బీరువా జరిపి, కార్డుని వెడల్పుగా చుట్ట చేసి మేకుకి తగిలిస్తే మైనస్ 20. ఫైబర్ తెగక్కర్లేదు, పదునుగా వంగినా కాంతి పక్కకి జారిపోతుంది. మోడెం వెనక మిగిలిన వైరుని బిగించి రబ్బరు బ్యాండు వేయకండి. నెట్ రాత్రిళ్ళే పోతోందనో, వాన పడితేనే పోతోందనో ఉంటే ఆ మాట ఫిర్యాదులో తప్పకుండా చెప్పండి. వానకి పోవడమంటే ఎక్కువసార్లు బయటి జాయింట్‌లో నీళ్ళు చేరడమే.

పాన్ లైటు ఆకుపచ్చగా నిలకడగా ఉండి, ఎర్ర లైటు లేకుండా, నెట్ మాత్రం రావట్లేదంటే వైరూ మోడెమూ బాగున్నాయి. ప్యాకేజీ గడువు, పాస్‌వర్డ్, లేదా పై నుంచి వచ్చే మెయిన్ లైను సమస్య. దానికి ఇంటికి మనిషి రావాల్సిన పనే లేదు, విజిటింగ్ ఛార్జీ ఇవ్వాల్సిన పనీ లేదు. స్లోగా ఉందంటే మోడెంకి ల్యాప్‌టాప్‌ని ల్యాన్ వైరుతో కలిపి చూడండి. వైరు మీద స్పీడు సరిగా ఉంటే తగ్గేది వైఫైలో. 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ పక్క గది దాటితే నీరసపడుతుంది, పాత రాతి గోడల ఇళ్ళలో మరీను.

ఓనరు గారి సంగతి. నెట్ కనెక్షన్ మీ పేరున ఉంటే ఆయన చెప్పింది చాలావరకు నిజమే. ఇల్లు కట్టేటప్పుడే గోడల్లో పైపులు వేసి ఆయన పరిపించిన ల్యాన్ వైరు పాడైతే అది ఇంటి మరమ్మతు, మామూలు వైరింగ్ లాగానే ఆయన చూసుకోవాలి. గోడకి కొత్తగా రంధ్రం వేయాలన్నా, డాబా మీద కొక్కెం కొట్టాలన్నా ముందు ఆయనకో మాట చెప్పండి, ఖర్చు కన్నా ఈ అడక్కపోవడం మీదే గొడవలు ఎక్కువ.

ఇప్పుడు మన సరిహద్దు తిప్పలు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరమే అయినా టెలికాం లెక్కలో అది ఆంధ్ర సర్కిల్, మనది ఒడిశా సర్కిల్. బీఎస్ఎన్ఎల్ అయితే మన ఫిర్యాదు ఒడిశా వైపు ఆఫీసుకే వెళ్ళాలి. పాతపట్నంలో తెలిసినవాళ్ళుండి చెప్పించినా లైను వాళ్ళ చేతిలో ఉండదు. ప్రైవేటు కనెక్షన్ అయితే బిల్లు మీద జీఎస్టీ నంబర్ చూడండి. మొదటి రెండంకెలు 21 అయితే ఒడిశా రిజిస్ట్రేషన్, 37 అయితే ఆంధ్ర. కొందరు తెలుగులో మాట్లాడే ఆఫీసు కావాలనో, ఆంధ్ర ప్యాకేజీ బాగుందనో అవతలి చుట్టాల చిరునామా ఇచ్చి కనెక్షన్ తీసుకుంటారు. ఆ చిరునామా దగ్గరే రిపేరు చిక్కుకుంటుంది: ఫిర్యాదు అవతలి టీమ్‌కి వెళ్తుంది, వాళ్ళు తమ ఏరియా కాదని మూసేస్తారు. బిల్లు మీద మీరు నిజంగా ఉంటున్న ఇంటి చిరునామా ఉండేలా మార్పించుకోండి.

ఫిర్యాదు కుర్రాడికి ఫోన్ చేసి చెప్పడంతో అయిపోదు. కంపెనీ కాల్ సెంటర్‌లోనో యాప్‌లోనో నమోదు చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోవాలి. ఆరు రోజులు అన్నారు కదా, ఏ రోజున నమోదు చేశారన్నదే లెక్కకి వస్తుంది. ఇప్పటిదాకా చేయకపోతే ఇది చదవడం ఆపి ఆ పని చేయండి. ఒడియాలో మెనూ చెబితే కంగారుపడక హిందీయో ఇంగ్లీషో ఎంచుకోండి, తెలుగు లేకపోతే పక్కింటి పిల్లల చేత మాట్లాడించండి, నంబర్ మాత్రం రాసుకోండి.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన సేవా నాణ్యత నిబంధనలు 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఇంటి బ్రాడ్‌బ్యాండ్ తప్పు మూడు రోజులు దాటినా సరిచేయకపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్ళకి నెట్ అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వాళ్ళకి గడువు పొడిగింపు రావాలి. అడగనిదే ఇవ్వరని లెక్కేసుకుని అడగండి. తుఫాను వల్ల ఆలస్యమైందని అంటారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లాని ఊడ్చేసినప్పుడు ఆ మాట నిజం, స్తంభాలే లేవు. వీధిలో ఒక కొమ్మ విరిగి పడి, కరెంటు మర్నాడే వచ్చేసి, మీ ఒక్కరి వైరు ఆరు రోజులు వేలాడుతుంటే ఆ మాట చెల్లదని గట్టిగా చెప్పండి.

కాల్ సెంటర్‌లో పని జరక్కపోతే ప్రతి పెద్ద కంపెనీకీ అప్పీలు అధికారి ఉంటారు. ట్రాయ్ 2012 ఫిర్యాదుల నిబంధనల ప్రకారం అప్పీలుకి రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కి నేరుగా రాసి ఎదురుచూడకండి, అది విడివిడి ఫిర్యాదులు తీసుకోదు. దానికన్నా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం మేలు. ఆఖరికి జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం కేసులు అక్కడ వేయొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉంటున్న చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు శ్రీకాకుళంలో ఉన్నా విశాఖలో ఉన్నా మీరు అక్కడికి తిరగక్కర్లేదు. సరిహద్దులో ఉన్నవాళ్ళకి ఇది చాలా పెద్ద ఊరట. మీరు కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు.

ఆ కుర్రాడి మీద మాత్రం కోపం పెట్టుకోకండి. ఈ పనిలో చాలామందికి జీతం తక్కువ, వైరూ కనెక్టరూ కొన్నిసార్లు తమ జేబులోంచే తెచ్చుకోవాలి, ఆ డబ్బు ఆఫీసు ఇవ్వకపోతే ఇంటివాళ్ళని అడుగుతారు. భారం ఆఫీసు మీద పడాలి గానీ మీ మీదా కాదు, అతని మీదా కాదు. "బాబూ, బిల్లు ఇస్తే ఇస్తాను" అని మెత్తగా అనండి. 18 శాతం జీఎస్టీతో, కంపెనీ పేరుతో బిల్లు ఇవ్వగలిగిన ఛార్జీ అయితే అది ఆలోచించదగ్గది. కాగితం లేకుండా చేతికి ఇమ్మంటే ఆఫీసుకి ఫోన్ చేసి అతని ముందే అడగండి.

ఒక్క జాగ్రత్త, ఇది అన్నిటికన్నా ముఖ్యం. తెగి వేలాడే వైరుని చేత్తో పట్టుకోవద్దు, పిల్లల్ని పట్టుకోనివ్వద్దు. ఫైబర్ గాజే అయినా దాన్ని మోసే ఇనప తీగ పక్కనే ఉంటుంది, మన ఊళ్ళలో అది వచ్చేది కరెంటు స్తంభాల మీదుగానే. పైన ఎక్కడో కరెంటు తీగకి ఆనుకుని ఉందేమో కింద నుంచి తెలియదు. పీకిన కనెక్టర్‌లోకి కన్ను పెట్టి చూడటం కూడా వద్దు, అందులో వచ్చే లేజర్ కాంతి కంటికి కనబడదు.

రేపు కుర్రాడు వస్తే మీటర్ రీడింగ్ ఎంతో, మొదటి బిల్లులో మోడెం పక్కన ఏ మాట రాసుందో ఇక్కడ పెట్టండమ్మా. బిల్లు ఫోటో పెడితే పేరు, అకౌంట్ నంబర్ కనబడకుండా మూసి పెట్టండి. చూసి, ఎవరు ఎంత కట్టాలో చెబుతాను.